వాకిటి బడి

మొక్కయై వంగనిది మ్రానై వంగునా యను సామెతను మన యిండ్లలో పెద్దలు తఱచుగ వాడుచుందురు. మూడేండ్ల బిడ్డకు పలక కొనిపెట్టునపుడును, ఆ బిడ్డ యేడ్చుచు బడిబండి యెక్కునపుడును ఈ సామెతయే తల్లిదండ్రుల మనస్సుల కూరట కలిగించును. కాని మొక్కను వంచుటకును విఱుచుటకును గల భేదము నీ సామెత చెప్పదు. అది తోటమాలికి తెలియును. లేతమొక్కకు ముందుగ కావలసినది వేరు తన్నుకొనుటకు మెత్తని నేల. పసిబిడ్డ విషయమున ఆ నేల ఆటయే. ఈ సంగతిని లోకమెంత యాలస్యముగ నేర్చుకొన్నదో, నేర్చుకొనియు నెన్నిమాఱులు మఱచినదో చదువరులకు విన్నవింపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా చందూర్ నిజామాబాదు జిల్లాలో బోధను చెఱకుసీమలోనిది. వర్ని, రుద్రూరు, మోస్రా మా యిరుగుపొరుగు గ్రామములు. ఉదయము మా వీధిలో రెండు ప్రయాణములు సాగుచుండును. ఒకటి పసుపుపచ్చని బడిబండిది. మెడకు పట్టీ, కాళ్లకు బూట్లు, వీపుకంటె వెడల్పైన సంచి తగిలించుకొని మూడు నాలుగేండ్ల బిడ్డలందులో నెక్కి పట్టణమువైపు పోవుదురు. రెండవది కాలినడకది. అవ్వ చేయి పట్టుకొని మఱికొందఱు బిడ్డలు వీధి చివరనున్న అంగన్‌వాడికి పోవుదురు. మొదటి ప్రయాణమునకు చదువని పేరు. రెండవదానికి పేరే లేదు. బిడ్డ యేడీ యని యడిగినవారికి “గుడ్డుకు పోయిండు” అని యింటివారు చెప్పుచుందురు.

కొంతకాలము క్రిందట ఒక తల్లి తన చిన్నకొడుకును అంగన్‌వాడి మాన్పించి బడిబండి యెక్కింప నిశ్చయించినదని విని, కారణ మడిగితిమి. ఆమె గడపలో కూర్చుండి బీడీలు చుట్టుచుండెను. ఒడిలోని చాట దింపకయే, “ఆడ ఆటలే గద సారూ! ఆట ఇంట్ల ఆడుకోడా? దానికి బడెందుకు?” అనెను. మేము ఇరువదియేండ్లుగ బడిపంతుళ్లము. సంస్కృతము కొంత చదివితిమి. ఇంగ్లీషు కొంత చదివితిమి. అయినను ఆ గడపముందు మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆమె యడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము వెదకుచు చరిత్రలోనికి పోవలసివచ్చినది.

ముందుగ మన పాతబడులను చూతము. 1822లో మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని బడుల లెక్కలు పంపవలసినదని కలెక్టర్లను కోరెను. దానికి బదులుగ బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823లో పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. ఈయన తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషులో వ్రాసి 1816లో ప్రకటించినవాడు. మన భాష తెలిసి మన బడులను చూచినవాడు. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులును 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బిడ్డకు అయిదవయేడు రాగానే పంతులును తోటిపిల్లలును ఇంటికి వచ్చి వినాయకుని చుట్టు కూర్చుండుటయు, పంతులు బిడ్డ వ్రేలు పట్టి బియ్యములో అక్షరములు దిద్దించుటయు ఆయన వర్ణించెను. మఱునాటినుండి కథ మాఱును. ఉదయ మాఱు గంటలకు బడి. మొదట వచ్చినవాని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూడవవానికి మెత్తగ నొక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఇట్లు వెనుక వచ్చినకొలది దెబ్బలు పెరుగును. సోమరికి బెత్తము. అదియు చాలనిచో చేతులు కట్టి ఇంటికప్పునకు వ్రేలాడదీయుట, గుంజిళ్లు తీయించుట. మన తాతలు కోదండమని చెప్పుకొనిన శిక్ష యిదియే.

ఆ బడిలో ఆటకు చోటు కానరాదు. కాని యొక విషయమును మఱువరాదు. అయిదేండ్లు వచ్చువఱకు ఆ బడి బిడ్డను పిలువలేదు. అయిదేండ్లవఱకు లాలింపవలెనని మన నీతికారులు చెప్పిన మాటను ఆనాటి యిల్లు పాటించినది. ఆ యేండ్లలో వాకిలియే బిడ్డకు బడి, అవ్వయే పంతులమ్మ. వామనగుంటల పీటముందు కూర్చున్న నాలుగేండ్ల పిల్ల గుంటకొక చింతగింజ వేసికొనుచు పోవునపుడు, ఒకటికి ఒకటి యను లెక్క దాని వ్రేళ్లకు తెలియుచుండెను; అంకె పేరు తరువాత వచ్చెడిది. గచ్చకాయను పైకెగురవేసి, అది పడులోపల క్రిందివానిని ఏరుకొనునపుడు కన్నును చేయియు ఒకదానికొకటి లొంగుట నేర్చుచుండెను. దాగుడుమూతలలో కన్నులు మూసికొని అంకెలు లెక్కించుచు నిలుచుట చిన్నపని కాదు. చూడవలెనను కోరికను అణచుకొనుట అందులో నున్నది. బొడ్డెమ్మ చుట్టు చప్పట్లు కొట్టుచు తిరుగు పిల్లలకు లయయు, వరుసయు, తోటివారితో అడుగు కలుపుటయు ఒక్కమాఱే యబ్బుచుండెను.

అనగా మన పూర్వులు ఆటను బడిలోనికి తేలేదు. తేవలసిన యవసరము వారికి లేకుండెను. వాకిలినిండ ఆట యుండగా, బడి అక్షరములతోనే సరిపెట్టుకొన్నను బిడ్డకు లోటు తక్కువ. బీడీలు చుట్టు ఆ తల్లి ఆ కాలములో నడిగియుండినచో, నీవన్నది నిజమేనమ్మా యని మేమును చెప్పియుందుము.

వాకిలి చెడినచోట ఈ మాట చెల్లదు. ఆ చెడుట మొదట యంత్రశాలలు లేచిన దేశములలో కానవచ్చినది. స్కాట్లండులో క్లైడునది యొడ్డున న్యూ లానార్కు అను ప్రత్తిమిల్లుల గ్రామము కలదు. 1800నుండి ఆ మిల్లులను నడపిన రాబర్టు ఓవెను, తలిదండ్రులు పనికి పోవగా పసివాండ్రకు దిక్కెవరని యాలోచించి, 1816 జనవరి 1న అచ్చట నొక విద్యాలయమును తెఱచెను. నడక వచ్చిన బిడ్డలు మొదలు అందులో చేరవచ్చును. ఉపాధ్యాయులుగ ఆయన పండితులను వెదకలేదు. పిల్లలయెడ ఓర్పుగల జేమ్సు బుకానను అను నేతవానిని, మాలీ యంగు అను పదునేడేండ్ల బాలికను నియమించెను. కొట్టరాదు, కసరరాదు, పుస్తకములతో బాధింపరాదు, చుట్టునున్న వస్తువులనే చూపి బిడ్డ యడిగినదానికి ప్రేమతో బదులు చెప్పవలెను. ఆయన వారికి విధించిన నియమము లివియే.

జర్మనీలో ఫ్రోబెలు ఇంకను ముందునకు పోయెను. 1782లో పుట్టిన ఈయన 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గు అను ఊర చిన్నపిల్లలకొఱకు విద్యాలయము నారంభించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లలతోట, అని పేరు పెట్టెను. మెత్తని యున్నిబంతులు, చెక్కగోళము, చెక్కదిమ్మెలు మున్నగు ఆటవస్తువులను వరుసగ కూర్చి వానికి కానుకలని పేరిడెను. ఆట కాలక్షేపము కాదనియు, బిడ్డ లోపలనున్నది వెలికివచ్చు త్రోవయనియు ఆయన బోధించెను. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ తోటలను నిషేధించెను. సమధర్మవాదియైన ఆయన సోదరుని కుమారునికిని ఆయనకును భేదము తెలియక పొరబడుట దీనికొక కారణమని చెప్పుదురు. మఱుసటియేడే ఆ వృద్ధుడు కన్నుమూసెను. నిషేధము 1860లో గాని తొలగలేదు. పసివాండ్రు చెక్కముక్కలతో గూళ్లు కట్టుకొనుచున్నందుకు ఒక రాజ్యము భయపడినదనిన నేడు మనకు నవ్వు వచ్చును.

ఇంగ్లండున నవ్వుటకైనను వీలులేని విధముగ ఇదే పని జరిగినది. ఓవెను చూపిన త్రోవను అచ్చట శిశుపాఠశాలలు వెలసియుండెను. 1862లో ప్రభుత్వమువారు కొత్త నిబంధన చేసిరి. పరీక్షాధికారి వచ్చి చదువు, వ్రాత, లెక్కలలో పిల్లలను పరీక్షించును. తేలినవారి సంఖ్యనుబట్టి బడికి ధనసహాయము. ఆఱేండ్ల బిడ్డ పరీక్షకు నిలువవలసినపుడు నాలుగేండ్ల బిడ్డను ఆడుకొనుమని విడిచెడి పంతులెవడు? శిశుతరగతులు పరీక్షకు సాధనశాలలైనవి. ఆటవస్తువులు బీరువాలలోనికి పోయినవి. ఫలితమునుబట్టి ధనమిచ్చు ఈ పద్ధతియే మద్రాసు రాజధానిలోను చాలకాలము నడచినది. ప్రష్యాలో భయము చేసిన పనిని ఇంగ్లండులో తొందర చేసినది. భయమునకు ఆజ్ఞ కావలెను; తొందరకు ఏ యాజ్ఞయు నక్కఱలేదు. అందుచే రెండవదియే యెక్కువ ప్రమాదకరమని మా తలంపు.

ఇరువదవ శతాబ్దమున ఈ విద్య మరల తల యెత్తినది. వైద్యురాలైన మరియా మాంటిస్సోరీ 1907 జనవరి 6న రోమునగరములోని సాన్ లొరెంజో అను పేదలవాడలో బాలగృహమును తెఱచెను. బిడ్డయెత్తునకు తగిన బల్లలు, బిడ్డ చేతికందు అలమరలు, చేతితో పట్టి చూచి తప్పును తానే దిద్దుకొనదగిన వస్తువులు అందులో నుండెను. ఆమె దానిని ఆటయనుటకంటె పనియనుట కిష్టపడెను. పేరేదైనను, ఎన్నుకొనువాడు బిడ్డ, చేయునది చేయి, అడ్డురాకుండవలసినవారు పెద్దలు. 1939లో ఆమె మద్రాసు చెంతనున్న అడయారుకు వచ్చెను. మొదటి శిక్షణమునకే సుమారు 300 మంది చేరిరి. 1940లో ఇటలీ యుద్ధమున దిగుటచే ఆమె కుమారుని ఆంగ్లప్రభుత్వమువారు నిర్బంధించిరి. ఆమె డెబ్బదియవ జన్మదినమునకు అతనిని విడిచిపెట్టిరి. తాత్కాలికముగ వచ్చిన యామె యుద్ధకాల మంతయు ఇచ్చటనే యుండి, ఎందఱనో ఉపాధ్యాయులను తయారుచేసెను. తెలుగుదేశమున వేగె కోటేశ్వరమ్మగారు 1955లో విజయవాడయందు ఆమె పేరిట బడి స్థాపించిరి.

అడయారుకంటె ముందే గుజరాతులో ఈ దీపము వెలిగినది. గిజూభాయి బధేకా యను వకీలు తన కుమారుని చదువుకొఱకు వెదకుచు మాంటిస్సోరీ పద్ధతిని తెలిసికొని, వృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరమును స్థాపించెను. మీసాలతల్లి యని గుజరాతు ఆయనను ముద్దుగ పిలిచినది. ఆయన వ్రాసిన ‘దివాస్వప్న’ మను గ్రంథము ‘పగటికల’ యను పేర తెలుగునకును వచ్చినది. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బొంబాయి రాష్ట్రమునందలి బోర్డీ యను పల్లెకు పోయి బాలవాడి పెట్టెను. వారలీ యను గిరిజనుల పిల్లలు ఆ బడికి రాలేదు. వారు రాకున్న ఆమె వారిని నిందింపలేదు. అనుతాయి వాఘ్‌గారితో కూడి బడినే వారి యిండ్లముంగిట పెట్టెను. ముంగిలికి వారి భాషలో ‘అంగన్’ అని పేరు. అంగన్‌వాడి యను పదము ఇట్లు పుట్టినది. పశువులు కాయు పిల్లలకొఱకు పచ్చికబీడులోనే బడి నడపిరి. మన తెలుగులో చెప్పవలెననిన అంగన్‌వాడి యనగా వాకిటి బడి. పోయిన వాకిలిని మరల కట్టుటయే దాని యుద్దేశము.

ఈ కథలు గుజరాతు, బొంబాయి, మద్రాసు ప్రాంతములలో నడచుచుండగా నిజాం రాష్ట్రమున మనకు ప్రశ్నయే వేఱుగ నుండెను. ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనభాష ఉర్దూయే. సొంతముగ బడి పెట్టవలెననిన సర్కారు అనుమతి కావలెను. ఖాన్గీ బడులపైనున్న ఈ కట్టుబాటును తొలగింపవలెనని, 1930లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ మొదలు పెద్దలు కోరుచు వచ్చిరి. 1937లో ఆ మహాసభ మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను మా నిజామాబాదులోనే కూడినది. అక్షరమే దొరకనివారికి ఆటనుగుఱించి యాలోచించు తీరిక యెక్కడిది? ఆ యాకలి నేటికిని మన యిండ్లలో నున్నది. తాతకు దొరకని యక్షరమును మనుమనికి మూడవయేటనే మ్రింగింపవలెనను ఆత్రము అందుండి పుట్టినదని మా యభిప్రాయము. దానిని చూచి నవ్వరాదు. దారి మాత్రము మార్పవలెను.

అదే 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. 1931లో మంజీరపై పూర్తియైన నిజాంసాగరు నీటితో చెఱకు విరివిగ పండినది. ఆసియాలోనే పెద్దదని ఆ కర్మాగారము ఒకప్పుడు పేరుపొందినది; 2015లో మూతపడినది. చెఱకు, వరి, పసుపు, వీనితోపాటు బీడీ మా సీమ బ్రతుకుతెరువు. 1966 నాటి బీడీకార్మికుల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు కార్ఖానాలో ఆఱేండ్లలోపు పిల్లలకు శిశుసదన ముండవలెనని విధించెను. కాని మా స్త్రీలలో ఎక్కువమంది బీడీలు చుట్టునది కార్ఖానాలో కాదు, తమ యింటి గడపలో. శిశుసదనపు నియమము గడపదాక రాలేదు. న్యూ లానార్కులో తల్లి మిల్లునకు పోయినది. మా యూరిలో మిల్లే తల్లి యొడిలోనికి వచ్చినది. ఇప్పుడు వాకిళ్లకు సిమెంటు వచ్చినది, వీధులకు మోటారుబండ్లు వచ్చినవి. అవ్వ యొకచోట, కొడుకు మఱియొకచోట కాపురము. తంబాకు ధూళి రాలు చాటప్రక్కన బిడ్డ సెల్‌ఫోను చూచుచు కదలక కూర్చుండును. “ఆట ఇంట్ల ఆడుకోడా” యని యడిగిన తల్లియింటిలో మేము చూచినది ఇదియే. ఇంటిలో ఆట మిగిలియున్నదా యని ఆమెయు చూచికొనలేదు, మనమును చూచికొనలేదు.

ఇక చట్టముల సంగతి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 45వ యధికరణము, పదునాలుగేండ్లు నిండువఱకు పిల్లలందఱికి ఉచిత నిర్బంధవిద్యను పదియేండ్లలో కల్పింప యత్నింపవలెననెను. ఏ యేటినుండి యని పరిమితి పెట్టలేదు. 1953లో దుర్గాబాయమ్మగారు అధ్యక్షురాలుగ ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమమండలి పల్లెలలో బాలవాడులను నడిపించెను. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము దేశమున 33 చోట్ల ప్రారంభమై, వాకిటి బడిని ఊరూరికి తెచ్చినది. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడచిన వ్యాజ్యములో, పదునాలుగేండ్లవఱకు చదువు బిడ్డ హక్కేయని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తరువాత 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణ చేసినపుడు ప్రాథమికహక్కు ఆఱేండ్లనుండి పదునాలుగేండ్లవారికే పరిమితమైనది. ఆఱేండ్లలోపు వారికి యత్నింపవలెనను మాటయే మిగిలినది. హక్కుల పంక్తిలో అందఱికంటె చిన్నవారిని గడపవెలుపల నిలిపితిమి.

నేడు తెలంగాణమున సుమారు 35,700 అంగన్‌వాడి కేంద్రములు కలవు. వాని పనులు ఆఱు: పోషకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ, ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య. గ్రుడ్డును లెక్కింపవచ్చును, బిడ్డ బరువు తూచవచ్చును. ఆటను రిజిష్టరులో నెట్లు వ్రాయుదురు? వ్రాయరానిది క్రమముగ వెనుకబడుట సహజము. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవఱకు ఒకే పునాదిదశగ భావించినది. 2022లో వెలువడిన పునాదిదశ పాఠ్యప్రణాళిక, తైత్తిరీయోపనిషత్తులోని పంచకోశములను ఆధారముగ గైకొని, ఆటయే బోధనమార్గమనియు, మూడునుండి ఆఱేండ్లవారికి పాఠ్యపుస్తకములు నిర్ణయింపరాదనియు చెప్పినది. క్యాంబెలు చూచిన కోదండమునుండి ఇచ్చటికి రెండువందల యేండ్లు పట్టినది. కాగితముపై వాదము ముగిసినది. మన యిండ్లలో ముగియలేదు.

ఇంతవఱకు ఊరివారినిగుఱించి వ్రాసితిమి. మా యింటినిగుఱించి వ్రాయకున్న న్యాయము కాదు. మా పెద్దకుమారుని మూడున్నరయేటనే పట్టణమున నొక యింగ్లీషు శిశుతరగతిలో చేర్చితిమి. రోజునకు రెండు పుటలు వ్రాత. పసివాని మణికట్టులోని యెముకలు మొదట మృదువుగనుండి యేండ్లమీదగాని ఒక్కొక్కటిగ గట్టిపడవు. ఆ చేతికి పెన్సిలిచ్చి, అక్షరము గీతలోపల నిలువలేదని కోపించితిమి. బడిలో పంతులమ్మ కోపించినది. ఇంటిలో పంతుళ్లమైన మేమును కోపించితిమి. ఒకనాడు వ్రాతపుస్తకము కనబడకపోగా ఇల్లంతయు వెదకితిమి. అది బియ్యపుడబ్బాలో దొరకినది. అయిదవయేట బిడ్డ వ్రేలు పట్టి అక్షరము దిద్దింపవలసిన బియ్యములో, నాలుగేండ్ల బిడ్డ తన యక్షరములను పాతిపెట్టెను. దసరాకు మా తల్లి వానిని ముందు కూర్చుండబెట్టుకొని వామనగుంట లాడెను. వంద నంకెలు ఒప్పగించుటయేగాని అయిదు గింజలు తెమ్మనిన తేలేనివాడు, పండుగ వెళ్లులోపల అవ్వ దొంగిలించిన గింజలను లెక్కపెట్టి పట్టుకొనెను. తప్పు మాదని అప్పటికి గాని మాకు తెలియలేదు.

ఆ తల్లి మాటలు విన్న తరువాత మేము తీరికైనపుడు అంగన్‌వాడికి పోయి కూర్చుండుచున్నాము. ఒకనాడు చూచినది చెప్పెదము. ఇసుకకుప్పవద్ద నలుగురు బిడ్డలు వడ్లకొనుగోలు ఆట యాడుచుండిరి. కొబ్బరిచిప్పలు రెండు పుల్లకు కట్టి కాటా చేసిరి. కాగితపు పొట్లములు బస్తాలు. ఒకడు రైతు, ఒకడు హమాలీ, ఒకతె చిట్టీ వ్రాయు సారు. రైతు అయిదు బస్తాలు తెచ్చెను. ఆ చిన్నది ఒకటి ప్రక్కకు లాగి, “తరుగు పోను నాలుగే” అనెను. రైతు ఒప్పుకొనక తగవు పెట్టుకొనెను. టీచరమ్మ నడుమ పోలేదు. చివరకు ఇద్దఱును మరల తూచి చూచికొనిరి. తీసివేత, కొలత, మాటకు మాట, ఓర్పు, న్యాయము, అన్నియు ఆ యిసుకలో నుండినవి. బడిబండి యెక్కిన బిడ్డ ఆ గంటలో ఏదో యొక అక్షరమును ముప్పదిసారులు వ్రాసియుండును.

అన్ని కేంద్రములు ఇట్లే యున్నవని చెప్పలేము. ఇఱుకుగదులు కలవు, టీచరమ్మకు రిజిష్టర్లకే ప్రొద్దు చాలని దినములును కలవు. అయినను చదువుకొన్న కుటుంబములు తమ బిడ్డలను తీసికొనిపోయినకొలది ఆ గదిని బాగుచేయుమని యడుగు గొంతుకలు తగ్గుచున్నవి. కావున మన గృహములవారికి మేము విన్నవించునవి స్వల్పము. ఆఱేండ్లలోపు బిడ్డకు ఇంటివ్రాత పెట్టకుడు, పరీక్ష పెట్టకుడు. ఇసుక, నీరు, బంకమన్ను, చింతగింజలు ఏ దుకాణమునను కొననక్కఱలేనివి. వానిని మురికియని తీసివేయకుడు. అంగన్‌వాడికి మీ యింటి పెద్దలను వారమున కొకగంట కథ చెప్పుటకు పంపుడు. నెల గడచిన పిమ్మట టీచరమ్మను ఎన్ని యక్షరములు వచ్చినవని యడుగక, ఏమేమి యాట లాడినాడని యడుగుడు. అడిగెడివారున్నచో ఆటయు నొకనాడు లెక్కకు వచ్చును.

ఈ సంగతులే ఆ బీడీల తల్లికి, ఇన్ని పేరులును ఏండ్లును లేకుండ, ఆమె గడపలోనే కూర్చుండి చెప్పితిమి. అమ్మా, వెనుకటికి ఆట యింటిలోనే యుండెను. ఇప్పుడు నీ యింటిలో లేదు, మా యింటిలోను లేదు. అది యున్న వాకిలి ఈ వీధిలో నొకటే మిగిలినదంటిమి. ఆమె ఈసారి చాట ప్రక్కకు దించినది. కొంతసేపు కొడుకువైపు చూచి, “మరి ఏబీసీడీలు ఎప్పుడొస్తయి సారూ?” అని యడిగెను. ఆఱవయేట వచ్చునని చెప్పితిమి. ఆ మాటకు పూచీ మాదే. ఆఱవయేట ఆ బిడ్డ వచ్చునది మేము పనిచేయు బడికే గదా!